అరికాలు ఏ ఇంద్రియం?

మహాభారతం ఆనుశాసనిక పర్వంలో చెప్పుల పుట్టుక గురించి ఒక కథ ఉంది. శ్రాద్ధంలో గొడుగు, చెప్పులు దానమిచ్చే ఆచారం ఎక్కణ్ణుంచి వచ్చిందని ధర్మరాజు అడిగితే భీష్ముడు చెప్పిన కథ అది. జమదగ్ని మహర్షి సరదాకి బాణాలు వేస్తున్నాడు. వేసిన బాణాన్నల్లా భార్య రేణుక పరుగెత్తుకెళ్ళి ఏరి తెస్తోంది. జ్యేష్ఠమాసం, నడినెత్తిన సూర్యుడు. ఒకసారి ఆమె రావడం ఆలస్యమైంది. ఏమిటని గద్దిస్తే, తల మాడి, కాళ్ళు కాలి, చెట్టు నీడన కాసేపు నిలబడ్డానంది. ఋషి కోపం సూర్యుడి మీదికి మళ్ళింది. విల్లు ఎక్కుపెట్టాడు. సూర్యుడు బ్రాహ్మణ వేషంలో దిగివచ్చి, బతిమాలి, చివరికి ఒక గొడుగూ ఒక తోలుచెప్పుల జతా చేతిలో పెట్టి రాజీ చేసుకున్నాడు.

ఈ పర్వంతో సహా పదిహేను పర్వాలను తెలుగు చేసిన తిక్కన 13వ శతాబ్దపు నెల్లూరువాడు, పెన్నా ఒడ్డున మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. మే నెల నెల్లూరు ఎండ తిన్నవాళ్ళకు ఈ కథ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం చూడాలి. కథలో ఋషి మాట్లాడతాడు, సూర్యుడు మాట్లాడతాడు, కథ చెబుతూ భీష్ముడు మాట్లాడతాడు. వట్టికాళ్ళతో పరుగెత్తింది రేణుక ఒక్కతే. బాణాలు వేసినాయన అరికాళ్ళకు ఏమీ కాలేదు.

పోయినవాళ్ళ పేరిట గొడుగు, చెప్పులు దానమివ్వడం తెలుగిళ్ళలో ఇప్పటికీ ఉంది. సూర్యుడంతటివాడు దిగివచ్చి ఇచ్చిన ఆ జతను బతికుండగానే, కాళ్ళు బాగుపడతాయన్న ఆశతో, విప్పి పక్కన పెట్టేవాళ్ళు ఈ పదిహేనేళ్ళలో బయల్దేరారు. ఏళ్ళ తరబడి పరుగు దెబ్బలు తిని వట్టికాళ్ళ పరుగుకు మళ్ళినవాళ్ళు. పత్రికల్లో వీళ్ళ సంగతి ఆరోగ్యం పేజీలో వేస్తారు. అసలైతే అది ఆధ్యాత్మికం పేజీలోకి కూడా రావాలి.

వాళ్ళ వరస దాదాపు అందరిదీ ఒకటే. నలభై దగ్గరపడుతుండగా బరువో బీపీయో స్నేహితుల పోరో బూట్లు కొనిపిస్తుంది. మొదటి ఏడాది మహదానందం. అయిదు కిలోమీటర్లు పదవుతుంది, పది ఇరవై ఒకటవుతుంది, హైదరాబాద్ మారథాన్ మెడల్ మెడలో పడుతుంది. ఆ తర్వాత ఒక పొద్దున మంచం దిగి తొలి అడుగు వేయగానే మడమలో సూది దిగినట్టవుతుంది. డాక్టరు ప్లాంటార్ ఫేషియైటిస్ అంటాడు. అది సర్దుకునేసరికి మోకాలు, మోకాలు కుదుటపడేసరికి పిక్క. మెత్తటి బూటు, అంతకన్నా మెత్తటి బూటు, లోపల జెల్లు అట్ట, ఐసు, టేపు, ఫిజియో, మూడు నెలల విశ్రాంతి, మళ్ళీ మొదటికి. కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి కాస్తా, కాలి గురించి తప్ప ఇంకో ఊసు లేని మనిషైపోతాడు.

అమెరికన్ పత్రికా రచయిత క్రిస్టఫర్ మెక్‌డూగల్‌ది ఇదే అవస్థ. పాదం నొప్పని డాక్టర్ల చుట్టూ తిరిగితే, పరుగు నీ ఒంటికి సరిపడదు, మానెయ్యమన్నారు. ఆయన మానలేదు. మెక్సికోలోని కాపర్ కాన్యన్ లోయల్లో, పాత టైరు ముక్కలతో కట్టుకున్న చెప్పులతో కొండలెక్కి దిగే తరాహుమారా ఆదివాసుల దగ్గరికి వెళ్ళాడు. ఆ అనుభవంతో రాసిన ‘బార్న్ టు రన్’ 2009లో వచ్చింది. మరుసటి జనవరిలో హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్మన్ బృందం ‘నేచర్’ పత్రికలో తమ కొలతలు ప్రచురించింది. బూట్లతో పరుగెత్తేవాళ్ళలో ఎక్కువమందికి ముందు మడమ ఆనుతుంది. ఆ క్షణంలో ఒంటి బరువుకు ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దెబ్బ ఒక్క విసురున కాలెముకలోకి పోతుంది. చిన్నప్పట్నుంచీ చెప్పుల్లేకుండా పరుగెత్తినవాళ్ళు ఎక్కువగా పాదం ముందుభాగాన్ని మోపి, ఆ తర్వాతే మడమ దించుతారు. ఆ తొలి విసురు వాళ్ళలో దాదాపు కనిపించదు.

మన దగ్గర అంతకు చాలా ముందే ఒక సంగతి తెలుసు. 1992లో ఉదయభాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ అనే ఇద్దరు కర్ణాటక డాక్టర్లు నాలుగు నుంచి పదమూడేళ్ళ లోపు పిల్లలు 2300 మంది పాదముద్రలు తీసి చూశారు. చెప్పులు, బూట్లు వాడే పిల్లల్లో చదునుపాదాలు 8.6 శాతం. వాడని పిల్లల్లో 2.8 శాతం.

అయితే బూటు దొంగ, అరికాలు దొర అని తేలిపోయిందా? తేలలేదు. పల్చటి అడుగు బూట్లకు మారిన 19 మంది పాదాలను పది వారాల తర్వాత ఎమ్మారై తీస్తే పదిమంది ఎముకల్లో వాపు కనబడిందని 2013లో ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. మరో బృందం రెండువందల మందిని, సగం బూట్లవాళ్ళు, సగం వట్టికాళ్ళవాళ్ళు, ఏడాది పాటు గమనించింది. పరుగెత్తిన దూరంతో లెక్కేస్తే దెబ్బల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. వట్టికాళ్ళవాళ్ళకు మడమ కింది నొప్పి తగ్గి, పిక్క నొప్పి పెరిగింది. వేళ్ళ బూట్లమ్మిన విబ్రమ్ కంపెనీ, తన ప్రకటనల మీద పడిన దావాను 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. సైన్సు మాట ప్రస్తుతానికి అంతవరకే.

మనుషులు అంతటితో ఆగరు. బూటు విప్పి బాగుపడ్డవాళ్ళ మాటల్లో మతం పుచ్చుకున్నవాళ్ళ ఊపు ఉంటుంది. ‘నేల తల్లి’ అంటారు, ‘ప్రకృతి’ అంటారు, ‘లోపలి గొంతు’ అంటారు. బాగుపడనివాళ్ళు మౌనంగా బూట్లు కట్టుకుని వెళ్ళిపోతారు కాబట్టి వాళ్ళ సాక్ష్యం మనదాకా రాదు. ఏ క్షేత్రం మహిమకైనా సాక్షులు ఇలాగే పోగవుతారు.

నెల్లూరు జిల్లాలో కార్తీక మాసాన ఒక మనిషి చెప్పుల్లేకుండా రోడ్డు మీద కనిపిస్తే టీకొట్టాయన అడిగే మాట ఒకటే: ‘మాలేశారా సామీ?’ ఇక్కడ వట్టికాలు అంటే మొక్కు, దీక్ష, 41 రోజుల నియమం. 2023లో సినీనటుడు రామ్‌చరణ్ నల్లబట్టలతో, ఒట్టి పాదాలతో అమెరికా విమానమెక్కితే అక్కడివాళ్ళు వింతగా చూశారేమో గానీ తెలుగువాళ్ళలో చిన్నపిల్లాడికి కూడా సంగతి అర్థమైంది. తిరుమల మాడవీధుల్లో చెప్పులు నిషిద్ధం. అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు చాలామంది వట్టికాళ్ళతోనే ఎక్కుతారు. కాబట్టి మైపాడు రోడ్డు మీద పొద్దున్నే చెప్పుల్లేకుండా పరుగెత్తేవాణ్ణి ఈ గడ్డ ముందు భక్తుడిగానే చూస్తుంది. ‘కాదన్నా, మడమ నొప్పి’ అని అతను చెబితే టీకొట్టాయన కొంచెం చిన్నబుచ్చుకుంటాడు కూడా.

ఆ చిన్నబుచ్చుకోవడంలోనే ప్రశ్న ఉంది. చెప్పులు విప్పడం దేనికి? దేవుడికా, మోకాలికా? రెండింటికీ తేడా ఉందా?

పాదంతో మన వ్యవహారం మొదట్నుంచీ తికమకే. ఎవరికైనా కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. పొద్దున మంచం దిగేముందు, కాలు మోపుతున్నాను క్షమించమని భూదేవికి శ్లోకం చెప్పుకుంటాం. అదే పాదం దేవుడిదో గురువుదో అయితే నెత్తిన పెట్టుకుంటాం. నెల్లూరు రంగనాయకుల గుళ్ళో శఠారి పెట్టించుకోవడమంటే స్వామి పాదాలను తలమీద మోయడమే. పురుషసూక్తం శూద్రుడు పాదాల నుంచి పుట్టాడంటుంది. ఆ సూక్తమే కాస్త ముందుకెళ్ళి భూమి కూడా పాదాల నుంచే పుట్టిందంటుంది. మొదటి సగం వెయ్యేళ్ళపాటు అందరికీ గుర్తుంది. రెండో సగం ఎవరికీ గుర్తు లేదు.

మొదటి సగం గుర్తుండటం వల్ల జరిగింది ఏమిటో తెలుగు పల్లెలకు తెలుసు. తోలు శుభ్రం చేసి, కోసి, చెప్పులు కుట్టిన మాదిగవాళ్ళే పెద్దకులాల వీధిలోకి వస్తే ఆ చెప్పులు విప్పి చేత పట్టుకోవలసి వచ్చేది. ఆ కాళ్ళకు నేల ఎంత ‘తల్లి’ అయినా, ఆ నడకను తపస్సని ఎవరూ అనలేదు. కాబట్టి పదివేల రూపాయల బూటు మానేసి వట్టికాళ్ళతో పరుగెత్తడం గొప్ప అనుకునేవాళ్ళు, ఆ గొప్ప ఎంపికలో ఉందా, కాళ్ళలో ఉందా అని ఒకసారి తేల్చుకోవాలి.

ఈ లెక్క తేల్చుకున్న మనిషి ఒకడు నెల్లూరు వీధుల్లోనే తిరిగాడు. పొట్టి శ్రీరాములు. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి, రైల్వేలో ఉద్యోగం చేసి, అన్నీ వదిలి గాంధీ వెంట నడిచినవాడు. 1946లో మూలపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి దళితులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశాడు. తర్వాతి రోజుల్లో నెల్లూరు ఎండలో గొడుగు లేకుండా, చెప్పుల్లేకుండా, దళితుల గురించి నినాదాలు రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని వీధి వీధీ తిరిగాడు. పిచ్చివాడన్నారు. సూర్యుడు జమదగ్నికిచ్చిన రెండు వస్తువులనూ, గొడుగూ చెప్పులూ, ఈయన తిరిగి ఇచ్చేసినట్టు లేదూ? 1952 డిసెంబరు 15 రాత్రి ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణం వదిలినాయనగా ఆయన్ను అందరూ ఎరుగుదురు. జిల్లాకు ఆయన పేరూ పెట్టుకున్నారు. కాలుతున్న నేల మీద ఆయన అరికాళ్ళు చేసిన వాదన మాత్రం పాఠ్యపుస్తకాల్లో పెద్దగా లేదు.

ఆయన గురువుకు చెప్పులు కుట్టడం వచ్చు. గాంధీ దక్షిణాఫ్రికాలో స్వయంగా కుట్టిన జతను, తనను జైల్లో పెట్టించిన జనరల్ స్మట్స్‌కు కానుకగా ఇచ్చాడు. 1921 ఏప్రిల్ 7న నెల్లూరు పక్కన పల్లిపాడులో, పెన్నా గట్టున, పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించింది ఆయనే. 1947 తొలి నెలల్లో నౌఖాలీ పల్లెల్లో చెప్పుల్లేకుండా నడిచిందీ ఆయనే. చెప్పు విలువ తెలిసి విప్పడం వేరు, విప్పించుకోవడం వేరు.

అయితే విప్పడంలో కూడా అతి ఉంది. దాని సంగతి బౌద్ధుల వినయపిటకం చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేదు. చంపానగరంలో సోణుడనే శ్రేష్ఠి కొడుకు. అరికాళ్ళ మీద నూగు మొలిచేంత సుకుమారంగా పెరిగాడు. ఆ పాదాలను చూడాలని బింబిసార మహారాజు కబురు పెట్టి పిలిపించుకున్నాడు. అలాంటివాడు భిక్షువయ్యాడు. రాజగృహం దగ్గరి శీతవనంలో అటూ ఇటూ నడుస్తూ ధ్యానం చేశాడు. పాదాలు పగిలాయి. ఆగలేదు. నడిచిన దారి పశువులను కోసిన చోటులా నెత్తురైంది. ఇంత చేసినా ఏమీ దక్కలేదే, ఇంటికిపోయి ఆస్తి అనుభవిస్తూ దానధర్మాలు చేసుకుంటే పోలేదా అనిపించింది. పరుగు దెబ్బలు తిని మూడోసారి మంచమెక్కిన ప్రతివాడూ ఏదో ఒక రూపంలో అనుకునే మాటే అది.

బుద్ధుడు వచ్చి ఆ నెత్తుటి దారి చూశాడు. ఇంటి దగ్గర నువ్వు వీణ బాగా వాయించేవాడివట కదా అని అడిగాడు. తీగలు మరీ బిగిస్తే పలికేదా? మరీ వదులు చేస్తే? సోణుడికి అర్థమైంది. ఇంతవరకు చాలామందికి తెలిసిన కథ. తర్వాతి ముక్కే అరుదుగా చెబుతారు. సోణుడు సాధించాల్సింది సాధించాక బుద్ధుడు, నువ్వు సుకుమారంగా పెరిగినవాడివి, ఒంటి పొర చెప్పులు వేసుకో అన్నాడు. సోణుడు ఒప్పుకోలేదు. ఎనభై బండ్ల బంగారం, ఏనుగుల దండు వదిలి వచ్చినవాణ్ణి, ఇప్పుడు చెప్పుల మీద మోజు పడ్డాడంటారు, సంఘమంతటికీ అనుమతిస్తే నేనూ వేసుకుంటానన్నాడు. బుద్ధుడు అందరికీ అనుమతించాడు. ఒంటి పొరకే. రెండు పొరలు, మూడు పొరలు వద్దన్నాడు. పాళీలో ఆ చెప్పును ఏకపలాసికం అంటారు. ఇప్పటి దుకాణాల్లో ‘మినిమలిస్ట్’ అని ముద్ర వేసి అమ్మేది అదే కొలత. అమరావతి శిల్పులు మొదట్లో ఈ బుద్ధుణ్ణే రెండు పాదముద్రలుగా చెక్కారు.

బుద్ధుడు అక్కడ నేలను పొగడలేదు, నొప్పినీ పొగడలేదు. పగిలిన పాదం ఏదో చెబుతుంటే వినకుండా నడిచినవాణ్ణి వినమన్నాడు. ఇక్కడే మన దర్శనాల పాత లెక్క ఒకటి పనికొస్తుంది.

సాంఖ్యకారిక ఇంద్రియాలను రెండు వరసలుగా పెడుతుంది. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం జ్ఞానేంద్రియాలు. వాక్కు, చేయి, పాదం, మలమూత్రేంద్రియాలు కర్మేంద్రియాలు. పాదం కర్మేంద్రియాల్లోకి వచ్చింది, దాని పని నడక. బాగానే ఉంది. మరి అరికాలు? దాన్ని కప్పింది చర్మమే కదా. చర్మం జ్ఞానేంద్రియం. అంటే నడిచేదీ తెలుసుకునేదీ ఒకేచోట కలిసేది అక్కడ. చేతికీ ఈ యోగం ఉంది గానీ, చేయి తనకిష్టమైనప్పుడు తాకుతుంది. అరికాలికి ఆ ఎంపిక లేదు. వేసిన ప్రతి అడుగుకూ ఒంటి బరువంతా మోస్తూనే కింద ఏముందో చెప్పాలి.

మందపాటి నురుగు అడుగున్న బూటు తొడిగితే పాదం ఉత్త కర్మేంద్రియమవుతుంది. పనిచేస్తుంది, కబురు చెప్పదు. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నవాడు బూటు విప్పినప్పుడు అతనికి తిరిగొచ్చేది కొత్త కాలు కాదు, ఆ కబురు. మొదటి రోజు పది నిమిషాలకే చర్మం చాలంటుంది. బూటులో అయితే పది కిలోమీటర్ల తర్వాత మోకాలు చెప్పేది. అప్పటికి వినీ లాభం లేదు. వట్టికాళ్ళ పరుగు వల్ల బాగుపడ్డవాళ్ళలో చాలామంది బాగుపడటానికి అసలు కారణం ఈ పది నిమిషాలేనని, చర్మం బలవంతాన తగ్గించిన దూరమేనని అనుమానించడానికి జాగా ఉంది.

కఠోపనిషత్తు శరీరాన్ని రథమంటుంది, ఇంద్రియాలను గుర్రాలంటుంది, పగ్గాలు మనసంటుంది. గుర్రాలు కట్టుతప్పితే ప్రమాదమని ఆ ఉపమానం హెచ్చరిక. మారథాన్ మనిషి కష్టం దీనికి తలకిందులు. అతని పగ్గాలు మరీ బిగుసుకున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి అలారం, చేతి గడియారంలో అంకెలు, వారం లెక్కలు. గుర్రం కుంటుతున్నా సారథికి కబురు అందదు, అందినా లెక్కచేయడు. దీన్నే క్రమశిక్షణ అని మెచ్చుకుంటాం. సోణుణ్ణి కూడా శీతవనంలో ఎవరో మెచ్చుకునే ఉంటారు.

కబురు ఆగిపోతే ఏమవుతుందో కళ్ళారా చూసి రాసినవాడు పాల్ బ్రాండ్. నెల్లూరువాళ్ళు పెద్ద జబ్బు చేస్తే రైలెక్కి వెళ్ళే వేలూరు ఆస్పత్రిలోనే ఆయన పనిచేశాడు. 1946లో అక్కడికి వచ్చి కుష్ఠు రోగుల చేతులకు, కాళ్ళకు శస్త్రచికిత్సలు చేశాడు. వేళ్ళు రాలిపోవడం, అరికాలి పుండ్లు జబ్బు తినేయడం వల్ల కాదని, స్పర్శ పోవడం వల్లనని ఆయన గ్రహించాడు. మామూలు మనిషి దూరం నడిచేటప్పుడు తనకు తెలియకుండానే బరువు అటూ ఇటూ మార్చుకుంటాడు. మొద్దుబారిన పాదం ఒకే చోటును, ఒకే తీరున, వేల సార్లు నేలకు కొడుతుంది. అక్కడ పుండు లేస్తుంది. నొప్పి ఒక వరమని బ్రాండ్ పుస్తకమే రాశాడు. కానీ ఆయన రోగులను చెప్పులు విప్పమనలేదు. వాళ్ళ కోసం మెత్తటి రబ్బరు చెప్పులు తయారు చేయించాడు. ఇవాళ షుగరు రోగులకు డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పుల వంశం అదే. కబురు చెప్పే చర్మం ఉన్నవాడికే వట్టికాలు. అది లేనివాడికి చెప్పే ధర్మం.

చెప్పులు విప్పితే చర్మం మొద్దుబారి ఈ కబురు కూడా పోతుందిగా అని అడగొచ్చు. లీబర్మన్ బృందమే 2019లో కెన్యాలోనూ బోస్టన్‌లోనూ మనుషుల అరికాళ్ళు కొలిచింది. చెప్పుల్లేకుండా తిరిగినవాళ్ళ చర్మం మందంగా ఉంది, కాయలు కాచి ఉంది. స్పర్శ మాత్రం తగ్గలేదు. బూటు నురుగు చేయలేని పని ఆ కాయ చేస్తోంది. కాపాడుతుంది, కబురూ దాటనిస్తుంది.

ఇంతకీ ఆ మైపాడు సంగతి. నెల్లూరు నుంచి తూర్పుగా, ఇందుకూరుపేట మండలంలో, సముద్రపు ఒడ్డున ఉంది. పల్లిపాడు ఆశ్రమమూ ఆ మండలమే. సరుగుడు తోటలు దాటగానే మెట్ట ఇసుక మొదలవుతుంది. ఇక్కడే అరికాలికి మొదటి పాఠం. సరుగుడు కాయలు గుండ్రంగా, గరుగ్గా ఒక్కొక్కటీ విడివిడిగా గుచ్చుకుంటాయి. ఎండిన రావణాసురుడి మీసాల బంతులు గాలికి దొర్లుతూ వస్తాయి. అవి చుట్టూ సూదులే. పొడి ఇసుకలో కాలు చీలమండ దాకా దిగిపోతుంది. ఇసుకలో పరుగుకు గట్టినేల మీదకంటే 1.6 రెట్ల శక్తి కావాలని బెల్జియం శాస్త్రవేత్తలు 1998లో లెక్క తేల్చారు. లెక్క తెలియకపోయినా పిక్కలు యాభై గజాల్లో అదే చెబుతాయి.

కెరటం వెనక్కిపోయిన చోట తడి ఇసుక సిమెంటులా గట్టిపడి ఉంటుంది. పరుగెత్తేది అక్కడ. రెండు వందల గజాలు పోయి వెనక్కి తిరిగి చూస్తే తన పాదాల రిపోర్టు తనకే కనిపిస్తుంది. మడమ గుంట లోతుగా ఉంటే బూటు అలవాటు ఇంకా పోలేదు. మునివేళ్ళు ఇసుకను వెనక్కి చిమ్మి ఉంటే అవసరానికి మించి తోస్తున్నాడు. ముద్ర అంతా ఒకే లోతున, వేళ్ళు విచ్చుకుని, అంచులు విరగకుండా ఉంటే నేల మీద కాలు నెమ్మదిగా దిగినట్టు. ఆ కర్ణాటక డాక్టర్లు 2300 మంది పిల్లల దగ్గర తీసినది ఈ ముద్రే. తీరం సముద్రంవైపు వాలి ఉంటుంది కాబట్టి వెళ్ళేటప్పుడు ఒక కాలు పల్లంలో పడుతుంది, వచ్చేటప్పుడు రెండోది. పోయినంత దూరమూ అదే అంచున తిరిగి రాకపోతే తుంటి పట్టేస్తుంది. ఇంతలో ఇంకో కెరటం వచ్చి రిపోర్టు చెరిపేస్తుంది.

ఆ పక్కనే అలివి వల లాగుతున్న పట్టపు మత్స్యకారులు ఉంటే కాసేపు నిలబడి వాళ్ళ కాళ్ళు చూడాలి. తాడు పట్టుకుని వెనక్కి వాలి, మడమలు ఇసుకలో పాతి, అడుగడుగూ వెనక్కి వేస్తారు. బొటనవేలు మిగతావాటికి దూరంగా, వేళ్ళన్నీ విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. ఇరుకు బూటులో ముప్పైయేళ్ళు నలిగిన పాదానికి ఆ విచ్చుకోవడం రావాలంటే ఏళ్ళు పడుతుంది. వాళ్ళు దీన్ని దీక్ష అనరు, చికిత్స అనరు. వల తీరం చేరాలి, అంతే. పని అయ్యాక చాలామంది పక్కన విడిచిన రబ్బరు చెప్పులు వేసుకునే ఇంటికి పోతారు.

అబెబె బికిలాది కూడా ఈ తీరే. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఆ ఇథియోపియా సైనికుడు ఇచ్చిన బూట్లు సరిపోక, వట్టికాళ్ళతో రాతి పలకల దారి మీద పరుగెత్తి ప్రపంచ రికార్డుతో మారథాన్ గెలిచాడు. నాలుగేళ్ళ తర్వాత టోక్యోలో బూట్లు వేసుకుని మళ్ళీ ప్రపంచ రికార్డుతో గెలిచాడు. లోకం మొదటి పరుగును పురాణం చేసింది. ఆయన మాత్రం రెండు పరుగుల మధ్య ఏ సిద్ధాంతమూ మార్చుకోలేదు.

నెల్లూరు తీరం దక్షిణపు కొస దగ్గర, తడ పక్కన మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీ అడిడాస్ బూట్లు తయారు చేస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టేదాకా అది నెల్లూరు జిల్లానే. ఇప్పుడు తిరుపతి. అక్కడ పనిచేసే చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవి. పొద్దున్నే బస్సుల్లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వస్తారు. వాళ్ళు కుట్టిన జత ఎక్కడెక్కడి మారథాన్లలోనో పరుగెత్తుతుంది. రేణుక తెచ్చిచ్చిన బాణాలు గుర్తొస్తే తప్పు పట్టలేం.

కాబట్టి దేవుడికా, మోకాలికా అన్న ప్రశ్నకు ఈ వ్యాసం తీర్పు ఇది: చర్మం చెప్పింది వింటూ ఆగగలిగినంతవరకు రెండూ ఒకటే. వినడం మానేసిన క్షణం నుంచి రెండూ కావు. అది దీక్షలో ఉన్న భక్తుడికైనా, గడియారం కట్టుకున్న పరుగువీరుడికైనా.

మైపాడు వెళ్ళదలిస్తే తెల్లవారుజామున వెళ్ళండి. షుగరున్నవాళ్ళు ముందు డాక్టరుకు అరికాళ్ళు చూపించి స్పర్శ ఉందో లేదో పరీక్ష చేయించుకోండి. లేకపోతే తడి ఇసుక మీద కూడా చెప్పులతోనే నడవండి. మిగతావాళ్ళు మొదటి వారం పరుగెత్తకుండా పది నిమిషాల నడకతో సరిపెట్టుకోండి. చెప్పుల జత ఒడ్డున వదిలి పోకండి, సంచిలో వెంట ఉంచుకోండి. వేసవిలో తొమ్మిది దాటితే సరుగుడు తోటకూ నీళ్ళకూ మధ్య ఉన్న మెట్ట ఇసుక మీద కాలు పెట్టలేరు.